‘మీ ఇష్టమండి’ అనమని చెప్పింది నేనే

చాలా ఏళ్ళుగా ఒక తప్పు మోస్తున్నాను. ఇంట్లో నా భార్యకి కూడా తెలియదు. ఎవరికి అన్యాయం చేశానో ఆవిడకి తెలుసో లేదో, అదీ నాకు తెలియదు. తెలియకపోవడమే ఎక్కువ బరువు. మీరు నన్ను ఎరగరు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడక్కండి.

నేను రాజమండ్రిలో ప్రకటనలు రాసి బతుకుతాను. ఉద్యోగం కాదు. బట్టల షాపులు, నగల షాపులు, స్వీట్ల దుకాణాలు, ఎవరు పిలిస్తే వాళ్ళకి. ఫ్లెక్సీ మీద మాటలు, రేడియోలో అర నిమిషం, ఆటో మైకులో అరిచే నాలుగు వాక్యాలు, ఇప్పుడైతే ఫోన్లో తిరిగే వీడియోలకి కూడా. కాపీరైటర్ అంటే ఇక్కడ ఎవరికీ ఎక్కదు. ‘యాడ్స్ రాసే మాస్టారు’ అంటారు.

ఈ పనిలో రాయడం కంటే రేటు చెప్పడం కష్టం. చీరకి ధర చీటీ ఉంటుంది. మాటకి ఉండదు. ‘రెండు లైన్లే కదండీ’ అనేస్తారు. ఆ మాట విని కూడా తొణక్కుండా అంకె చెప్పడం నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నేర్చుకున్నది ఎవరికీ చెప్పలేదు. ఒకరి రేటు ఒకరికి తెలిస్తే షాపులవాళ్ళు మమ్మల్ని ఒకరి మీదికి ఒకరిని తోస్తారని భయం. తోటివాడెవడైనా టీ తాగుదాం రమ్మంటే, ఎందుకు పిలిచాడా అని దారంతా ఆలోచించేవాణ్ణి.

అలాంటి నా దగ్గరికి ఒకావిడ వచ్చింది. పేరు మార్చి శ్యామల అంటాను. ద్రాక్షారామం వాళ్ళు. తండ్రి పౌరోహిత్యం చేసేవారు. ఆవిడ ఇక్కడ ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేది. తెలిసినవాళ్ళ స్వీట్ల దుకాణానికి ఊరికే కొన్ని ప్రకటనలు రాసింది. అవి బాగున్నాయని నలుగురూ అనడంతో స్కూలు మానేసి ఇదే పని చేసుకుందామని ఆశ పుట్టింది. ఆషాఢం సేల్ దగ్గర పడుతున్న రోజులు. కోటిపల్లి బస్టాండు ఎదురుగా ఉన్న హోటల్లో కలుసుకున్నాం.

“మాస్టారూ, ఒకటడుగుతాను. నవ్వకూడదు.”

“అడగండి.”

“రేటు ఎలా చెప్పాలండీ? రాయడం వచ్చండి నాకు. చెప్పడమే రాదు. ఎంత అని అడగ్గానే గొంతు పట్టేస్తుంది.”

“ఎవరడిగారేంటి?”

“తాడితోట దగ్గర బట్టల షోరూం వాళ్ళు రమ్మన్నారండి. షావుకారు గారితో మాట్లాడాలి. మా నాన్నగారేమో జీవితమంతా ‘మీకు తోచింది ఇవ్వండి’ అనే గడిపేశారు. తాంబూలంలో ఏం పెట్టారో ఇంటికొచ్చాక చూసుకునేవారు. చూసి ఏమీ అనేవారు కాదు, మా అమ్మ అనేది. నాకలా వద్దండి.”

ఆ షోరూం నాది. అంటే, ఏటా ఆషాఢం, శ్రావణం వాళ్ళకి నేనే రాస్తాను. ఆ రెండు నెలల పనితో నా ఏడాది సగం గడుస్తుంది. ఆవిడ కుర్చీ పక్కన పెట్టిన సంచీ చూశాను. అదే షోరూం సంచీ. రాజమండ్రిలో సగం మంది చేతుల్లో ఉండేది ఆ సంచీయే. అయినా నా మనసులో ఒక కథ తయారైపోయింది. షావుకారే ఈవిణ్ణి పంపాడు. నా రేటు కూపీ లాగి, ఈవిడ చేత తక్కువకి రాయించుకుంటాడు. ఈ గొంతు పట్టేయడం, నాన్నగారు, తాంబూలం, అంతా నాటకం.

ఒక్క ప్రశ్న అడిగితే తేలిపోయేది. అడగలేదు. అనుమానం ఉన్నవాడు ఎందుకు అడగడో మీకు తెలుసా? నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. అనుమానం తప్పని తేలితే సాయం చెయ్యాల్సి వస్తుందనా?

“ఆ షావుకారు గారు పాతకాలం మనిషండి,” అన్నాను. “ముందే అంకె చెప్తే మొహం చిట్లిస్తారు. ‘మీ ఇష్టమండి’ అనండి, చాలు. మర్యాద చూసి వాళ్ళే ఎక్కువిస్తారు.”

“నిజంగానా?”

“నేనూ అంతేగా.”

ఆవిడ గట్టిగా నవ్వేసింది. “అయితే మా నాన్నగారే కరెక్టన్నమాట! ఇన్నాళ్ళూ పాపం ఆయన్ని వెక్కిరించాను.”

‘నేనూ అంతేగా.’ ఆ రెండు మాటలే నా తప్పు. నేను ఏనాడూ అలా అనలేదు. అంకె చెప్పకుండా ఆ షోరూం మెట్లు దిగలేదు. నా అంకె బయటపడకూడదు, ఆవిడకి గిట్టకూడదు, అంతే చూసుకున్నాను. ఆవిడ దేన్నుంచి తప్పించుకోవాలని వచ్చిందో, దాన్నే పట్టుకొమ్మని చెప్పి పంపించాను.

ఆషాఢం వచ్చింది. దేవీచౌక్ దగ్గర ఆగి ఉన్నప్పుడు ఆ షోరూం ఆటో మైకులో శ్యామల రాసిన మాటలు విన్నాను. ‘ఆషాఢానికి పుట్టింటికొచ్చిన అమ్మాయిగారూ, అమ్మ చేతి వంట తిన్నారు, అమ్మ పక్కన పడుకున్నారు. తిరిగెళ్ళేటప్పుడు అమ్మ కొన్న చీరలో వెళ్ళండి.’ పక్కన స్కూటీ మీద కూర్చున్న అమ్మాయి మైకు వైపు తిరిగి నవ్వింది. నేను అన్నేళ్ళు రాసింది ‘భారీ తగ్గింపు, త్వరపడండి’. నాకు ఆ వాక్యం రాదు. ఆ సంగతి అక్కడే తెలిసింది. తెలిసి తలదించుకున్నానా అంటే, లేదు. మంట పుట్టింది.

సేల్ అయ్యాక షావుకారు గారే కబురు చేశారు. ఆయన బాగా హుషారుగా ఉన్నారు. “మీరు మాత్రం రాగానే రేటంటారు మాస్టారూ. ఆ అమ్మాయిని చూడండి, మీ ఇష్టమండి అంది. ఓ చీర పెట్టి, పైన కాస్తేదో చేతిలో పెట్టాం. నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.”

నేను అక్కడితో ఊరుకుని ఉంటే, ఒక అబద్ధం చెప్పినవాడిగా మిగిలేవాణ్ణి. ఊరుకోలేదు. “తన మాట విలువ తనకే తెలియని మనిషి మీ షాపు విలువేం చెప్తుందండి?” అన్నాను. “శ్రావణం పెళ్ళిళ్ళ బేరం. ఆలోచించుకోండి.”

ఆయన నవ్వు ఆగిపోయింది. ఏ సరుకు ఎందుకు చవగ్గా అమ్ముతారో ఆయనకి తెలిసినంతగా ఎవరికి తెలుసు? ఆ చూపు చూసి నా మాట పనిచేసిందని అర్థమైంది. శ్రావణం నాకొచ్చింది. ఆ ఏడు రేటు పెంచి చెప్పాను. ఒప్పుకున్నారు.

శ్యామల అప్పటికే స్కూలు మానేసింది. చదువులు మొదలయ్యాక మధ్యలో ఏ స్కూలూ తీసుకోదు. శ్రావణం పని వస్తుందన్న నమ్మకంతో మానేసిందట. ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, షావుకారు గారు పలకడం లేదని, తన రాతలో ఏమైనా లోపం ఉందా, దాచకుండా చెప్పమని అడిగింది. ఉండి ఉండవచ్చన్నాను. రాత ఇంకా పండాలన్నాను. మెత్తగానే చెప్పాను. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

ఆవిడ డబ్బు పోగొట్టడం ఒక ఎత్తు. అది ఎలాగో సర్దుకునేదేమో. కానీ చేతిలో ఉన్న పనితనాన్నే ఆవిడ చేత అనుమానించేలా చేశాను. నా అనుమానాన్ని ఆవిడకి అంటించాను. ఆ తర్వాత శ్యామల రాసిన వాక్యం నేను ఎక్కడా వినలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఏడాదో రెండేళ్ళో గడిచాక, ఏదో మాటల్లో షావుకారు గారు అన్నారు, ఆవిడ ఆ రోజు లోపలికి రాగానే ‘మాస్టారు గారు రాస్తానంటే నేను తప్పుకుంటానండి’ అందట. ‘మీరు ఖాళీగా లేరని ఆవిడకి నేనే చెప్పాన్లెండి’ అని నవ్వేశారు. ఇంటికి వెళ్తూ ఏమనుకున్నానో తెలుసా? ఇది నిజమేనా, లేక నన్ను రేటు దగ్గర మెత్తబరచడానికి ఈయన అల్లిన మాటా అని. అంత రుజువు ఎదురుగా ఉన్నా అనుమానించాను. అనుమానం లేకపోతే నేనెవరో నాకు కనబడుతుంది కదా.

పోయిన ఏడు జంగారెడ్డిగూడెం వెళ్ళాను, ఒక ట్రాక్టర్ షోరూం పని మీద. బస్టాండులో ఆవిడే పలకరించింది. పామాయిల్ గెలలు కొనే కంపెనీ ఆఫీసులో పనిచేస్తోందట. “నెల జీతమండి. ఎవరికీ రేటు చెప్పక్కర్లేదు,” అని నవ్వింది. అందులో ఏముంది? తెలిసి అన్నదా? ఊరికే అన్నదా? బస్సు వచ్చేదాకా ఆ మొహంలో వెతికాను. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. కండక్టర్ పిలుస్తున్నాడని ఎక్కేశాను. పిలుస్తున్నది వేరే బస్సు కండక్టర్.

ఆవిడ నంబరు నా దగ్గర ఉంది. చేయవచ్చు. చేస్తే క్షమించేస్తుందేమోనని భయం. ఆ క్షమని కూడా నేను అనుమానిస్తాను. ఇది రాస్తున్నది కూడా మంచివాణ్ణనిపించుకోవడానికేనేమో, మీరే చూసుకోండి.

ఆవిడ అడిగిన దానికి జవాబు ఇది. శ్యామల గారూ, పని వినగానే అంకె చెప్పకండి. రేపు చెప్తానని ఇంటికి వచ్చేయండి. ఆ పని ఎన్ని రోజులు తింటుందో, అన్ని రోజులు మీ ఇల్లు గడవడానికి ఎంత కావాలో చూసుకోండి. మార్పులు ఎన్నిసార్లు చేస్తారో ముందే చెప్పేయండి. సగం ముందు తీసుకోండి. అంకె చెప్పాక ఇంకేమీ మాట్లాడకండి, వాళ్ళు మాట్లాడేదాకా. ఆ కాసేపూ గొంతు పట్టేస్తుంది. అందరికీ పట్టేస్తుంది. నాకు ఇప్పటికీ.

మీ రాతలో ఏ లోపమూ లేదు.

ఫోన్లో అడిగిన రోజున చెప్పాల్సిన మాట అది. ఆవిడకి చెప్పలేదు, మీకు చెప్పాను. తప్పు అలాగే ఉంది. అయినా ఇప్పుడు దాని గురించి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే కాదు.