వంకర్ల తాత తోటలో వనభోజనం

ఆ రోజుల్లో చెట్ల గురించి నాకు తెలియనిది లేదనే పొగరు ఒకటి ఉండేది నాకు. కడియం నర్సరీల మధ్య పుట్టి, పూలకుండీల మధ్యే పాకి, పైగా హార్టికల్చర్ డిగ్రీ చేతబట్టుకుని దోహాలో దిగినదాన్ని, పొగరు లేకపోతే ఎలా? అక్కడ మదీనత్ ఖలీఫా అనే పేటలో మా పెద్దమ్మ, పెదనాన్నల ఇంట్లో మకాం. తోటలు వేసే ఒక కంపెనీలో మొదటి ఉద్యోగం. ఏ పెద్ద హోటల్ ముందో గులాబీలు పెట్టమంటారని కలలు కంటూ డ్యూటీకి వెళ్తే, కంపెనీ వ్యాను నన్ను దుఖాన్ రోడ్డు మీద ఊరు దాటించి ఒక గోడ పక్కన దింపింది. లోపల చూస్తే సమాధులు! ఇక్కడ పనిచేస్తూ పోయిన పరాయి దేశాల వాళ్ళని పూడ్చే చోటట. "ఇదే నీ సైటు," అన్నారు. (మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు శ్మశానం గేటు వైపు కూడా చూడరు. నేను ఏకంగా అక్కడ హాజరు వేయించుకోవాలి!)

ఆ సాయంత్రం సంగతి చెప్పగానే పెద్దమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఓసి నీ చదువు తగలెయ్య! శ్మశానంలో తోటేమిటే?" అంది. ఉద్యోగం మానెయ్యమంటుందనే అనుకున్నాను. అనలేదు. మర్నాటి నుంచి మాత్రం విల్లా వెనక పనివాళ్ళ స్నానాల గదిలో ఒక బకెట్టు, ఒక తువ్వాలు, ఒక నైటీ వెలిశాయి. డ్యూటీ నుంచి రాగానే తలమీద నీళ్ళు గుమ్మరించుకుంటే గానీ గుమ్మం తొక్కనిచ్చేది కాదు. దోహా ఎండాకాలంలో కుళాయి నీళ్ళెలా ఉంటాయో తెలిసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ బకెట్టులో బియ్యం పోస్తే అన్నం అయిపోయేది. రోజూ ఉడికిపోతూ, పెద్దమ్మనీ కంపెనీనీ కలిపి తిట్టుకునేదాన్ని.

ఆ తోటకి ప్లాను గీసింది ఒక ఇంగ్లీషు ముసలాయన. ఆయనకి వంకర దారులంటే ప్రాణం కాబట్టి మేమంతా చాటుగా వంకర్ల తాత అనేవాళ్ళం. పంతొమ్మిదో శతాబ్దంలో వాళ్ళ దేశంలో శ్మశానాలని అచ్చం ఉద్యానవనాల్లా వేసేవారట. మెలికలు తిరిగే దారులు, చెట్ల వరసలు, బెంచీలు, మలుపు మలుపుకీ ఒక చూడ్డానికి బాగుండే చోటు. సెలవురోజున కుటుంబాలు బుట్టల్లో తిండి సర్దుకుని వచ్చి, పోయినవాళ్ళ పక్కన పగలంతా కూర్చునేవారట. అలాంటి తోటని ఈ ఇసకలో నిలబెట్టాలని ఆయన పంతం. మా ఫోర్మన్‌ది జగిత్యాల వైపు. "మేడం, గీ వంకరలెందుకు? తిన్నగ పోతె దబ్బున పోవచ్చు గద," అనేవాడు. అదే మాట నేను తాతని అడిగాను. "తిన్నగా వేస్తే మనిషి తిన్నగా వచ్చి, పువ్వు పడేసి, తిన్నగా వెళ్ళిపోతాడు. మలుపు ఉంటే ఒక్క క్షణమైనా ఆగుతాడు. వాళ్ళు ఆగాలి," అన్నాడు. అబ్బ, నా డిగ్రీలో ఎవరూ చెప్పని మాట అది. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు పిచ్చి గౌరవం. వేప ఎక్కడ, ఖర్జూరం ఎక్కడ, ఏ గాలికి ఏ కొమ్మ అడ్డం అని ఎండలో నిలబడి చెబుతూ పోయేవాడు, నేను నోరు తెరుచుకుని వినేదాన్ని. ఒక మలుపు చూపించి, "ఇక్కడ మీ ఊరివాళ్ళకి ఇష్టమైన చెట్టు పెట్టు," అన్నాడు. నేను ఉసిరి మొక్క పెట్టాను. దానికి నీళ్ళు పట్టడం ఇంకెవరికీ అప్పగించలేదు కూడాను.

తోట పచ్చబడింది గానీ జనం ఆగలేదు. కార్లో వచ్చేవారు, పూలు పెట్టేవారు, కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయేవారు. బెంచీల మీద పిచ్చుకలు తప్ప ఎవరూ కూర్చోలేదు. ఆ స్థలం చూసుకునే కమిటీకి ఒళ్ళు మండింది. "ఎవరూ కూర్చోని తోటకి ఇన్ని నీళ్ళా? గడ్డీ చెట్లూ పీకేసి కంకర పరిచేద్దాం. శుక్రవారం వచ్చి ఒకసారి చూసి తేల్చేస్తాం," అని కబురు పెట్టారు. తోట పోతే నా ఉద్యోగం కూడా, ఇక్కడి అరబ్బీ మాటలో చెప్పాలంటే, మాఫీ, అంటే లేనట్టే. కానీ ఆ కబురు విన్నాక తాత చెట్టు చెట్టు దగ్గరా ఆగి, బెరడు మీద చెయ్యి వేసి వెళ్ళడం చూశాను చూడండి, అప్పుడు నా ఉద్యోగం సంగతే గుర్తు రాలేదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర పెద్దమ్మ గొడవ పెద్దమ్మది. కార్తీకమాసం వచ్చేసింది, తెలుగువాళ్ళ వనభోజనాలకి ఉసిరి చెట్టు లేదు. (కిందటేడు చెట్టు దొరక్క, పార్కులో ఉసిరికాయ పచ్చడి జాడీని మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుని తిన్నారు. ఒట్టు!) "ఈసారి కూడా జాడీయేనా ఖర్మ?" అని ఆవిడ నిట్టూరిస్తే, నాకు దుఃఖం ఆగలేదు. "ఉసిరి చెట్టు మా శ్మశానంలో ఉంది పెద్దమ్మా! అది కూడా కంకర కిందకి పోతోంది," అని మొత్తం కథంతా చెప్పి భోరుమన్నాను.

పెద్దమ్మ నా కంచంలో ఇంత పెరుగు వేసింది. తర్వాత, "అసలు ఉసిరేనా, నేల ఉసిరా?" అంది.

"అసలుదే."

"కార్తీకం ఎవరిదండీ?" అంది పెదనాన్న వైపు తిరిగి.

"శివుడిది."

"ఆయన ఉండేదెక్కడ?"

పెదనాన్న ముద్ద నోట్లో పెట్టుకోవడం మర్చిపోయాడు. "ఏమిటీ, దీన్ని రోజూ బకెట్టులో ముంచేదానివి నువ్వేనా ఈ మాటనేది?"

"బకెట్టు బకెట్టే. వెళ్ళొచ్చాక అందరూ పోసుకుంటారు. కమిటీ వాళ్ళు శుక్రవారమే కదే వచ్చేది?" అంటూ ఫోను తీసింది.

శుక్రవారం పొద్దున్నే కార్లు వరసగా వచ్చి ఆగాయి. పట్టుచీరలు, చాపలు, పులిహోర గిన్నెలు, చక్రపొంగలి. దీపాలు, పూజలు వద్దని నేను ముందే బతిమాలుకున్నాను. తీరా చూస్తే నా ఉసిరి నా భుజం దాకా కూడా లేదు, దాని నీడ ఒక కోడిపెట్టకి కూడా చాలదు. అందరూ నా మొహం చూశారు. పెద్దమ్మ చెట్టు చుట్టూ తిరిగి, "పచ్చడి జాడీ కంటే పెద్దదేగా, కూర్చోండి," అంది. కానీ గిన్నె మూత తియ్యనివ్వలేదు. "వాళ్ళింటికొచ్చి వాళ్ళని పలకరించకుండా తింటామా?" అని, జడలకని తెచ్చిన చామంతులు అందరి దగ్గరా లాక్కుని, చుట్టుపక్కల సమాధుల మీద ఒక్కొక్కటీ పెట్టి వచ్చింది.

సరిగ్గా మొదటి బంతి విస్తళ్ళ ముందు ఉండగా కమిటీ దిగింది, వెనకాలే తాత. శ్మశానంలో పులిహోర ఏమిటని తిడతారని కళ్ళు మూసుకున్నాను. వాళ్ళలో పెద్దాయన ఎవరూ రాని సమాధుల మీది చామంతులని చూశాడు, జనాన్ని చూశాడు, చేతిలోని ఫైలు మూసేశాడు. పెద్దమ్మ, "రండి బాబూ, యల్లా, సిట్ డౌన్!" అని తనకొచ్చిన మూడు భాషల్లో పిలిచి విస్తరి వేసేసింది. తాత మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ, గడ్డి మీద చతికిలబడ్డాడు. రెండు ముద్దలు తిన్నాడో లేదో కళ్ళ వెంట బొటబొటా నీళ్ళు. "కారం," అన్నాడు నాతో, కళ్ళద్దాలు తుడుచుకుంటూ. ఆయన విస్తట్లో ఉన్నది చక్రపొంగలి.

కంకర మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను అదే కంపెనీలో పెద్ద మేడంని, కుర్ర ఇంజనీర్లకి వంకర దారుల గొప్పతనం గురించి ఉపన్యాసాలిస్తుంటాను (వాళ్ళు నాకు చాటుగా ఏం పేరు పెట్టారో తెలుసు, బాధ లేదు). ఉసిరి ఎదిగి నిజంగానే నీడనిస్తోంది. ఆ నీడలోనే, ఆయనే కోరుకున్న చోట, తాత పడుకుని ఉన్నాడు. ప్రతి కార్తీకంలోనూ పెద్దమ్మ ముందు ఆయనకి చామంతి పెట్టి, పక్కన ఆకులో కాస్త చక్రపొంగలి ఉంచుతుంది. "పులిహోర పెట్టకండే, పాపం ఆయనకి కారం పడదు," అని అందరినీ హెచ్చరిస్తుంది. నేను ఇప్పటిదాకా ఆవిడకి అసలు సంగతి చెప్పలేదు. ఇంటికొచ్చాక, జుట్టుకి రంగేసుకునే ఈ వయసులో కూడా, తువ్వాలు భుజాన వేసుకుని బకెట్టు కోసం వరసలో నిలబడతాను.