జిడ్డు చేతుల ప్రొఫెసరుగారు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరుసగా నిలబెడితే ఐ.పోలవరం నుంచి రాజోలు దాకా లైను వస్తుంది. ఆ లైనులో అందరికంటే ముందు నిలబడేదాని గురించి ఇప్పుడు చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాత పెద్దగా రాదు కాబట్టి, నేను చెబుతుంటే మా అమ్మాయి భవాని రాస్తోంది. రాస్తూ నవ్వొద్దని ముందే చెప్పాను. నవ్వుతోంది. మీరూ నవ్వుకోండి, ఎలాగూ ఆపలేను. చివర్లో జాలి పడ్డారంటే మాత్రం ఊరుకోను.

మా ఆయన రొయ్యల చెరువుల మీద డీజిల్ ఇంజిన్లు బాగుచేసే మెకానిక్. ఆయన పోయిన రెండేళ్ళకి భవాని ఇంటరు అయింది. చిన్నప్పటినుంచి చెరువు గట్లంట ఆయన వెనకాలే తిరిగి, ఏ నంబరు స్పానరు కావాలో అడక్కముందే అందించిన పిల్ల. బంధువులందరూ కంప్యూటరు కంప్యూటరు అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరితే, ఇది మాత్రం మెకానికల్ ఇంజనీరింగే అంది.

"ఇంజిన్ బొమ్మ చూపించి పాఠం చెప్పే కాలేజీ నాకొద్దమ్మా. ఇంజిన్ విప్పి నా చేతిలో పెట్టే కాలేజీ కావాలి. అలాంటిది దొరక్కపోతే నాలుగేళ్ళు దండగే."

అంత స్పష్టంగా చెప్పింది. చెప్పి, ఏయే కాలేజీలో ఏం మిషన్లున్నాయో ఫోనులో చూసుకుని కాగితం మీద రాసుకుంది. అక్కడితో నేను నోరు మూసుకుని ఉంటే ఈ కథే లేదు.

"ఫోనులో చూసి చేరడమేంటే? నేనొచ్చి చూస్తాను" అన్నాను.

"నీకేం తెలుస్తుందమ్మా?"

"ఏం తెలుస్తుందా? ఇరవై ఏళ్ళు ఇంజిన్ల మధ్య కాపురం చేశాను. మీ నాన్న చొక్కాల జిడ్డు ఉతికి ఉతికి నా అరచేతుల్లో గీతలే అరిగిపోయాయి. పెళ్ళికొడుకునైతే ఫోటో చూసి ఒప్పేసుకుంటావా?"

"ఇది పెళ్ళి కాదు కదమ్మా."

"అంతకంటే ఎక్కువ. మొగుడు నచ్చకపోతే పుట్టింటికి రావచ్చు. కాలేజీ నచ్చకపోతే ఎక్కడికొస్తావు?"

బ్యాగు భుజానికేసుకుని, సరే పద అంది. ఇప్పుడు అడిగితే, ఒప్పుకుని కాదు, విసుగొచ్చి అంటోంది.

నా దగ్గర ఒక పరీక్ష ఉండేది. పని తెలిసినవాడి గోళ్ళు చూస్తే చాలని నా నమ్మకం. మా ఆయన గోళ్ళలో నలుపు సబ్బుకి పోలేదు, కిరసనాయిలుకి పోలేదు, పుష్కరాల్లో గోదావరి స్నానానికీ పోలేదు. కాబట్టి గోళ్ళు నల్లగా ఉన్న మాస్టారున్న కాలేజీయే కాలేజీ. ఈ సిద్ధాంతం కనిపెట్టినందుకు నాకు చెప్పు దెబ్బలతో సన్మానం చెయ్యాలి.

మొదట కాకినాడ కాలేజీకి వెళ్ళాం. అది భవాని కాగితంలో మొదటిది. వర్క్‌షాపు గుమ్మంలోనే నేల మీద పచ్చగీత ఒకటి గీసి ఉంది. కాలు పెట్టబోయాను. తెల్లటి చేతులు, మల్లెమొగ్గల్లాంటి గోళ్ళు ఉన్న లెక్చరరు ఒకాయన అడ్డంగా వచ్చాడు.

"గీత దాటకండమ్మా. మీ కొంగు మిషన్లో పడితే ప్రమాదమండి. అమ్మాయిగారు బూట్లేసుకొచ్చేరు కాబట్టి రావచ్చండి."

కొంగు పడుతుందట. కొంగు బిగించి, పంపుసెట్టుకి తాడు చుట్టి లాగి స్టార్టు చేసిన చెయ్యి ఇది. నన్ను గుమ్మంలో పాలవాణ్ణి నిలబెట్టినట్టు నిలబెట్టి, నా కూతుర్ని లోపలికి తీసుకెళ్ళాడు. అక్కడ నేల మీద అన్నం పెట్టుకుని తినొచ్చు. మిషన్లు పెళ్ళిచూపులకి కూర్చోబెట్టినట్టు నిగనిగలాడుతున్నాయి. ఎక్కడా ఒక్క చుక్క నూనె లేదు. భవాని లోపల ఏదో తిప్పింది, ఇనప ముక్క ఏదో అరగదీసింది, మొహమంతా నవ్వుతో బయటికొచ్చింది. నేను అదేదీ పట్టించుకోలేదు. నేల చూస్తున్నాను.

"అమ్మా, చూసేవా? మొదటి ఏడాది నుంచే మన చేత్తోనే చేయిస్తారట."

"ఏడ్చేరు. ఆసుపత్రిలా ఉంది. పని జరిగే చోటు ఇంత శుభ్రంగా ఉంటుందా? ఆయన గోళ్ళు చూసేవా?"

"నాన్న కూడా సాయంత్రం స్పానర్లన్నీ తుడిచే పెట్టేవాడు కదమ్మా."

అంత మాట చెప్పినా నా బుర్రకెక్కలేదండి. బుర్ర నిండా ఆ పచ్చగీతే ఉంది.

తర్వాతది మా ఊరికి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఇంకో కాలేజీ. పేరు చెప్పను. ఆఫీసులో రంగురంగుల పుస్తకం ఒకటి చేతిలో పెట్టి, "వర్క్‌షాపు తాళం సారు దగ్గరుందండి, సారు సెలవులో ఉన్నారండి" అన్నారు. భవాని వాళ్ళని ఏవేవో అడుగుతూ కూర్చుంది. నాకు వెనకవైపు నుంచి ఠంగుఠంగుమని సుత్తి దెబ్బ వినిపించింది. తాళమేసుంటే ఈ చప్పుడెక్కడిదని అటు నడిచాను.

రేకుల షెడ్డు. డీజిలు వాసన. నేల మీద జానెడు మందాన మడ్డి. కాలేజీ బస్సు ఒకటి కడుపు విప్పుకుని నిలబడుంది. దాని పక్కన మోచేతుల దాకా నలుపు పూసుకున్న పెద్దమనిషి. ఇంకో ఇద్దరు మీసాలవాళ్ళు ఆయనకి సాయం పడుతున్నారు. విద్యార్థులకి ఇంత మీసాలేంటా అనుకుని, రెండు మూడేళ్ళు తప్పుంటారులే అని సర్దిచెప్పుకున్నాను. మనిషి మోసపోదలుచుకుంటే మీసాలు కూడా అడ్డురావు.

"మాస్టారూ, నమస్కారమండి. ఇక్కడ పని నిజంగా చేత్తో చేస్తారా అండి?"

"చెయ్యక చస్తామా అమ్మా. చెయ్యకపోతే ఏడింటికల్లా బండి గేటు దాటదండి."

ఏడింటికే క్లాసు మొదలన్నమాట. ఏం క్రమశిక్షణ అనుకున్నాను. మా ఆయన కుర్రాళ్ళని పరీక్షించే ప్రశ్న ఒకటి వేశాను.

"ఇంజిను తెల్లపొగ కక్కుతుంటే ముందు ఏం చూడాలండి?"

"ముందు ఇంజెక్టరు చూడాలండి. ఆనక గాస్కెట్టండి." తల ఎత్తకుండానే చెప్పేశాడు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అచ్చం మా ఆయన మాటే.

"మా అమ్మాయిని ఈ కాలేజీలో చేర్చమంటారా?"

"నన్నడుగుతారేంటండీ? లోపల పెద్దోళ్ళున్నారు, వాళ్ళనడగండి."

అంత విద్య ఉండి ఎంత వినయమో అనుకున్నాను. పేరు అడిగితే వీర్రాజునండి అన్నాడు. ఆఫీసుకొచ్చి భవానితో, "వర్క్‌షాపు చూశాను, మాస్టారితో మాట్లాడాను, ఇదే మన కాలేజీ" అన్నాను.

"తాళమేసుందన్నారే?"

"నీకు తాళం. నాకు తలుపు తీశారు."

మూడు రోజులు దెబ్బలాడుకున్నాం. నేను అన్నం మానేశాను. అంటే దాని ముందు మానేశాను. మొత్తానికి వెబ్ ఆప్షన్లలో నా కాలేజీ మొదట, కాకినాడ రెండోది పెట్టించాను. సీటు మొదటిదాన్లోనే వచ్చేసింది. మెరిసేదంతా బంగారం కాదంటారు కదా, నేను ఇంకో అడుగు ముందుకేసి, జిడ్డుగా ఉన్నదంతా బంగారమని తేల్చేశాను.

కొత్త పిల్లల తల్లిదండ్రులకి మీటింగు పెట్టారు. నేను శాలువా ఒకటి, చక్రకేళీ అరటిపళ్ళ హస్తం ఒకటి పట్టుకెళ్ళాను. ప్రిన్సిపాలుగారు గంటసేపు మాట్లాడి, "పేరెంట్సు ఎవరైనా రెండు మాటలు మాట్లాడతారా?" అనడిగారు. ఎవరూ లేవలేదు. బుద్ధున్నవాళ్ళు. నేను లేచాను. భవాని నా కొంగు పట్టి లాగింది. కొంగు విడిపించుకుని మరీ స్టేజీ ఎక్కాను.

"నేను చదువుకోలేదండి. కానీ పనివాణ్ణి చూస్తే గుర్తుపడతాను. నా బిడ్డని ఇక్కడ చేర్చింది ఒకే ఒక్క ప్రొఫెసరుగారిని చూసండి. వీర్రాజు మాస్టారు."

ప్రిన్సిపాలుగారు పక్కాయన వైపు చూశారు. పక్కాయన ఆ పక్కాయన వైపు చూశారు.

"ఏ డిపార్టుమెంటమ్మా?"

"మెకానికలేనండి. వెనకాల షెడ్డులో ఉంటారు."

హాలు చివర నిలబడ్డ డ్రైవర్లలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరో వెళ్ళి ఆయన్ని పిలుచుకొచ్చారు. పాపం, గుడ్డపీలికతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. నేను శాలువా కప్పేశాను, అరటిపళ్ళు చేతిలో పెట్టాను, ఎవరో మైకు కూడా ఇచ్చేశారు. ఆయన బెదిరిపోయి ఐదొందల మంది ముందు అడిగేడు:

"నమస్కారమండి. బస్సేమన్నా లేటుగా వస్తోందా అండి?"

ఆ నవ్వు గోదావరి అవతలికి వినబడుంటుంది. బస్సుల మెకానిక్కండి. నేను ప్రొఫెసరని మురిసిపోయిన మనిషి కాలేజీ బస్సులు బాగుచేసే మెకానిక్కు.

అంతమంది నవ్వినా భవాని నవ్వలేదు. లేచి వెళ్ళి అసలు వర్క్‌షాపు కిటికీలోంచి చూసి వచ్చింది. మిషన్లు కంపెనీ నుంచి వచ్చిన ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయట. తనిఖీకి ఎవరైనా వస్తేనే తలుపు తీస్తారట. అది నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నాలుగేళ్ళు ఈ తాళం చూడాలన్నమాట" అంది, అంతే.

షెడ్డు ముందు అరుగు మీద కూలబడ్డాను. వీర్రాజుగారు మంచినీళ్ళు తెచ్చి, శాలువా మడతపెట్టి నా ముందుంచేడు.

"తీసుకోండమ్మా. ఇంకెవరికైనా పనికొస్తదండి."

"ఉంచుకోండి. మీ తప్పేముంది? అయినా ఆ రోజు నేను మాస్టారూ అంటే కాదనొచ్చు కదండీ?"

"మావాళ్ళందరూ మాస్టారనే అంటారండి. టైలర్ని అనరా? బ్యాండు మేళమాయన్ని అనరా?"

నేను గ్లాసెత్తి మంచినీళ్ళు తాగేశాను. ఆయనే మళ్ళీ అన్నాడు:

"మా చిన్నమ్మాయి కూడా మెకానికలేనండి. రెండో ఏడు."

"ఇక్కడేనా అండి?"

"ఆయ్, ఇక్కడెందుకండీ? కాకినాడలోనండి. నేనూ వెళ్ళి చూసేను. నేల అద్దంలా తుడిచేరండి. మిషన్లన్నీ పని అవ్వగానే తుడిచి పెట్టేస్తారు. నన్నే గుమ్మంలో ఆపేసి, పచ్చగీత దాటొద్దన్నారండి. అప్పుడనుకున్నానండి, ఇది పని తెలిసినోళ్ళ చోటు, కళ్ళు మూసుకుని చేర్చేయొచ్చని."

మీరే చెప్పండి, ఆ మాట విన్నాక నేనెక్కడ తల పెట్టుకోవాలి?

దేవుడు గుడ్డివాడు కాదు, రెండో విడత కౌన్సెలింగు ఇంకా మిగిలుంది. ఈసారి భవాని ఒక్కతే నెట్టు సెంటరులోకి వెళ్ళింది. నేను రోడ్డుకి అవతలి పక్క నిలబడ్డాను, నా గాలి కూడా దాని మీద పడకూడదని. కాకినాడలో సీటు వచ్చింది. ఇప్పుడు ఆఖరి ఏడు చదువుతోంది.

ఇందుమూలంగా సమస్తమైనవారికీ తెలియజేయడమేమనగా: ఇకమీదట ఏ కాలేజీకీ నేను మార్కులు వెయ్యను, ఏ స్టేజీ ఎక్కను, ఎవరికీ శాలువా కప్పను. ఎక్కడికైనా చూడ్డానికి వెళ్ళాల్సి వస్తే, అక్కడ పనిచేసేవాళ్ళని "మీ పిల్లల్ని ఎక్కడ చేర్చేరండీ?" అని ఒక్క ముక్క అడిగి ఇంటికొచ్చేస్తాను. ఈ ఒట్టు తప్పానా, నన్ను తీసుకెళ్ళి ఆ తాళమేసిన కాలేజీలోనే నాలుగేళ్ళు కూర్చోబెట్టండి.