ఎర్రదారం గొలుసుకుట్టు

మా ఆయన కర్నూలు పెద్దాసుపత్రిలో కాంపౌండరు. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన మరుసటి ఏడు ఊరంతా ఫ్లూ జ్వరం కమ్ముకుంది. అప్పుడు నాకు ఏడో నెల. ఆయన డ్యూటీ నుంచి రాగానే పెరట్లోనే స్నానం చేసి, కంచం పట్టుకుని వసారాలోకి పోయేవాడు. పడక కూడా అక్కడే. "జ్వరాల మధ్యన తిరిగొచ్చినోన్ని. నువ్వు దూరంగా ఉండల్ల" అనేవాడు. నమ్మానా? నమ్మలేదు.

నమ్మకపోవడానికి కారణం ఒక గుడ్డముక్క. వార్డులో మూతికి కట్టుకునే మాస్కు అది. పలచటి గాజుగుడ్డ నాలుగు పొరలు, అంచు చుట్టూ ఎర్రదారంతో గొలుసుకుట్టు. రోజూ ఆయనే దాన్ని డబ్బాలో ఉడకబెట్టి, తీగ మీద విడిగా ఆరేసేవాడు. నన్ను ముట్టనిచ్చేవాడు కాదు. వానొచ్చినా నా చీరలు తీయని మనిషికి దాని మీద అంత ముద్దేమిటి?

"ఎవరు కుట్టినారు?" అని నిలదీశాను.

"మా వార్డులో కడప సిస్టరమ్మ. ఆసుపత్రిలో ఇచ్చేవి చాలక, మిగిలిన గుడ్డతో కుట్టిచ్చింది."

ఆమెను ఒకసారి చూశాను. తెల్ల గౌను, సన్నటి నడుముకు బెల్టు. నా కాళ్లేమో అప్పటికే వాచి చెప్పుల్లో పట్టేవి కావు. నా మొగుడి మూతికి తగిలే గుడ్డను ఇంకో ఆడది కుట్టడమా? ఓ సాయంత్రం అది ఆరీ ఆరకముందే తీసుకుపోయి పొయ్యిలో పెట్టాను. నా రవికగుడ్డ చించి, మూలన పువ్వు కూడా కుట్టి, ఆయన చేతికిచ్చాను.

"ఇది ఒంటిపొర. ఏం ఆపుతాది?" అన్నాడు.

"ఇదే కట్టుకోల్ల. లేకుంటే నేను అన్నం ముట్టను."

రెండు పూటలు నిజంగానే ముట్టలేదు. కడుపుతో ఉన్నదాన్ని పస్తు ఉంచలేక ఆయనే దిగొచ్చి కట్టుకుపోయాడు. గెలిచానని ఆ పూట కొర్రన్నం కడుపునిండా తిన్నాను.

ఐదో రోజు ఒళ్లు కాలిపోతూ వచ్చి వసారాలో పడ్డాడు. కబురు తెలిసి, డ్యూటీ దిగగానే ఆ సిస్టరమ్మే మా ఇంటికి వచ్చింది. నా చేతులారా ఇంత చేసుకున్నాక కూడా, ఆమె ఆయన నుదుటి మీద చెయ్యి వేస్తుంటే నాకు ఒళ్లు మండింది. దగ్గరికి పోబోయాను.

"ఆడనే ఉండమ్మా. కడుపుతో ఉండేవాళ్లకు ఈ జ్వరం శానా చెడ్డది" అని ఆపింది. "ఆయప్ప మాస్కు యాడ?"

ఆయన కళ్లు తెరవకుండానే, "గాలికి తీగ మీద నుంచి కొట్టుకపాయ సిస్టరమ్మా. నా తప్పే" అన్నాడు.

"సరే. మరి నీకు కుట్టిచ్చిండేది యాడమ్మా?"

నాకా? ఆయన చెయ్యెత్తి ట్రంకుపెట్టె చూపించాడు. చొక్కాల అడుగున, కాగితంలో మడిచిపెట్టిన చిన్న మాస్కు ఉంది. నాలుగు పొరలు. అదే ఎర్రదారం.

"ఇయ్యలేదా?" అని ఆమె ఆయన్ను అడిగింది.

"ఇస్తే ఊరకుంటుందా?" అన్నాడు.

కట్టుకున్నాను. ఏడుపంతా దాని వెనకే ఏడ్చాను.

ఆయన తేరుకుని లేవడానికి నెల పట్టింది. ఆ నెలంతా మాస్కును నేనే ఉడకబెట్టి, తీగ మీద విడిగా ఆరేసుకున్నాను. ఓరోజు చినుకులు పడుతుంటే పక్కింటామె పాపం సాయానికొచ్చి దాన్ని తీయబోయింది.

"దాన్ని ముట్టొద్దు!" అని అరిచాను.