ఒత్తిడి లేదని రాసిచ్చాను

నేను మహారాష్ట్ర సరిహద్దులోని అంకిస బడిలో పంతులుగా ఉన్న రోజుల్లో, మనసు తేలిక చేసే శిక్షణ అని మా అందరినీ సిరొంచకు పిలిచారు. రాకపోతే నోటీసు ఇస్తామని ఆ పిలుపు కాగితం కిందే ఉంది.

అప్పుడు నా భార్యకు ఎనిమిదో నెల. మొదటి బిడ్డ దక్కలేదు, అందుకని ఈసారి కాన్పుకు పక్కనే ఉంటానని మాటిచ్చాను. పెర్మిలి అడవిలో బడికి ఎవరినో బదిలీ చేస్తారని పుకారు పుట్టింది. అప్పటినుంచి నాకు అన్నం సయించలేదు.

జిల్లా నుంచి వచ్చిన సారు మరాఠీలో మూడు గంటలు దంచారు. గాలి గట్టిగా పీల్చి మెల్లగా వదలమన్నారు. కరెంటు లేని హాల్లో ఒకరు వదిలిన గాలి ఇంకొకరం పీల్చాం. ఆపైన కళ్లు మూసుకుని నదిలో పడవ మీద పోతున్నట్టు ఊహించుకోమన్నారు. వరద గోదావరిలో పడవ మీద దవాఖానకు పోయిన వాళ్లం మేము, ఊహకే చెమటలు పట్టాయి.

చివర ఒక కాగితం పంచారు. ఒత్తిడి ఉందా, ఉంటే కారణమేంటి? మా సరిహద్దు పంతుళ్లకు ఒక రోగముంది. ఇంట్లో తెలుగులో వాడకంతా వినబడేలా ఏడుస్తాం. ఆఫీసరు మరాఠీలో అడిగితే మాత్రం అంతా బాగుందంటాం, తెలుగువాడికి చేతకాదంటారని భయం. ఎద్దు పుండు కాకికి నొప్పా అని సర్దిచెప్పుకుంటాం కూడా.

పక్కనున్న రేగుంట పంతులు బీపీ గోలీ మింగుతూనే తన కాగితం మీద ‘లేదు’ అని రాశాడు. “పరేషాన్ ఉన్నదని రాయకు తమ్మీ. రాస్తే నిన్నే పట్టుకుంటరు” అన్నాడు.

నేనూ లేదని రాశాను. అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎక్కడ పని చేయమన్నా సంతోషమేనని ఇంకో వాక్యం చేర్చి సంతకం పెట్టాను.

పదిహేను రోజులకు పెర్మిలి ఆర్డరు వచ్చింది. ఆఫీసుకు ఉరికి భార్య సంగతి చెప్పుకున్నాను. అక్కడి ఆఫీసరు కోప్పడలేదు, శిక్షణలో రాసిన నా కాగితమే తీసి నాకు చూపించారు. ఎక్కడైనా సంతోషమే అని రాసింది తాలూకా మొత్తంలో నేనొక్కడినేనట.

ఇంటికొచ్చి జరిగింది నా భార్యకు చెప్పాను.

“మూడు గంటలు గాలి పీల్చి వచ్చినవు. నా పెండ్లాం కడుపుతోటి ఉన్నదని ఒక్క ముక్క రాయరాలేదా?” అన్నది.

సిగ్గుతో ఆమె ముందే ఏడ్చాను. ఇన్నాళ్లు మింగిన భయమంతా అప్పుడు చెప్పాను, ఆ రాత్రి నిద్ర కూడా పట్టింది. కానీ ఆర్డరు మారలేదు. పాప పుట్టిన కబురు పెర్మిలికి మూడో రోజు చేరింది. సెలవు దొరికి నేను బిడ్డను చూసింది తొమ్మిదో రోజున.