రేడియేటరులో పసుపు

దగ్గరికి జరిగి కూర్చోండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు గోడకి చేరగిలబడండి, పొయ్యి మీద పాలుంటే దించి వచ్చి మరీ కూర్చోండి. మధ్యలో లేచి వెళ్ళే కథ కాదిది. నా మట్టుకు నేనే ఇన్నేళ్ళుగా సగంలో ఆపేస్తూ వచ్చాను, ఇవాళ చివరిదాకా చెప్పాలనుంది.

మొన్నామధ్య మా చిన్నమ్మాయి కారు సర్వీసింగుకి ఇస్తూ నన్నూ గుంటూరు తీసుకెళ్ళింది. అద్దాల గదిలో సోఫా మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చారు. అవతల ఒకాయన కారు ముందు మూత ఎత్తి, సీసాలోంచి ఆకుపచ్చటి నీళ్ళేవో పోస్తున్నాడు. అదేందని అడిగితే ఇంజను వేడెక్కకుండా పోసేదని అమ్మాయి చెప్పింది. ఆ రంగు నీళ్ళు లోపలికి దిగుతుంటే చూసి నాకు కాఫీ తాగబుద్ధి కాలేదు. ఏమైందమ్మా అని అది రెండుసార్లు అడిగింది. కన్నకూతురికి చెప్పడానికి నోరు రాలేదు, మీరు నా ఈడువాళ్ళు గనక చెబుతున్నాను.

నేను రొంపిచెర్ల పక్క పల్లెకి కోడలిగా వచ్చింది ఎనభైల మొదట్లో. అప్పటికే మా మామగారికి కారుంది. చిలకలూరిపేటలో పత్తి మిల్లు ఆయన వాడి వాడి వదిలేసిన తెల్లకారు, గుమ్మడికాయలా గుండ్రంగా ఉండేది, తలుపు వేస్తే ఇనప్పెట్టె మూసినంత చప్పుడు. చుట్టుపక్కల ఊళ్ళకి అదొక్కటే కావడంతో పెళ్ళికూతుర్నైనా పాము కరిచినవాణ్ణైనా అందులోనే ఎక్కించేవాళ్ళు. నడిపేది మా ఆయన. దాని మంచిచెడ్డలు చూసేది నరసరావుపేటలో షెడ్డున్న సాయిబు బాబాయి. మా ఆయన కన్నా పదిహేనేళ్ళు పెద్ద, ఇంట్లో పిల్లలందరికీ బాబాయే. మా పెళ్ళిలో కారుకి పూలు కట్టింది కూడా ఆయనే. ఇంజను చప్పుడు విని రోగం చెబుతాడని పేరు. షెడ్డుకి బోర్డు లేదు, ఫలానావాళ్ళ కారు ఆయనే చూస్తాడంట అని పదిమంది అనుకునే మాటే ఆయనకి బోర్డు, అదే ఆయన పిల్లలకి అన్నం.

పెళ్ళైన మొదటి వేసవిలో అందరం సాగరు డ్యాము చూడ్డానికి బయలుదేరాం. దూరం వెళ్తే బాబాయిని తోడు తీసుకెళ్ళడం ఆనవాయితీ. మాచర్ల దాటాక కారు కింద నీళ్ళు ధార కట్టాయి. రేడియేటరని ఇంజను ముందు నీళ్ళ పెట్టె ఉంటుంది చూడండి, దాని సన్న గొట్టాల్లో నీళ్ళు తిరిగితేనే ఇంజను చల్లబడేది, అది చిల్లుపడింది. బాబాయి వంగి చూసి లేచి నా వైపు తిరిగాడు.

"అమ్మాయ్, మీ సంచిలో పసుపేమన్నా ఉందా?"

కృష్ణలో పసుపూ కుంకుమా వేద్దామని తెచ్చుకున్న పొట్లం ఇచ్చాను. చెంచాడంత తీసి ఆ నీళ్ళల్లో వేసి, ఇంజను కాసేపు తిప్పాడు. నమ్మండి, నీళ్ళు కారడం ఆగిపోయింది. అది షెడ్డుకి చేరేదాకేనని, తర్వాత విప్పి చిల్లుకి మాటు వేయాలని మా ఆయనతో చెప్పాడట, మర్నాడు మాటు వేశాడట కూడా. అవేవీ నా చెవిన పడలేదు. నేను చూసిందల్లా ఒక్కటే, కృష్ణమ్మకని తెచ్చిన పసుపు కారు తాగింది, కారు బాగుపడింది.

ఇంక అక్కణ్ణుంచి నా తెలివి మొదలు. శుక్రవారం తలంటుకుని గడపకి పసుపు రాసి, ఆ చేత్తోనే కారు ముందు మూతకీ రాసి బొట్టు పెట్టేదాన్ని, అది మా అత్తగారు అప్పజెప్పిన పనే. దానికి నేను కలిపింది ఇంకొకటి. బాబాయి తిప్పినట్టే రేడియేటరు మూత తిప్పి, నేనే దంచిన పసుపు గుప్పెడు లోపల వేసేదాన్ని. ఎండల్లో తిరిగే మా ఆయన చల్లగా ఇంటికి రావాలని, అంతే. దాచిందేమీ లేదు, ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

దసరా వెళ్ళేసరికి కారు కాగడం మొదలైంది. పొలం దాకా వెళ్తే బాగుండేది, పిడుగురాళ్ళ దాకా వెళ్తే ముందు నుంచి ఆవిరి లేచేది. బాబాయి ఫ్యాను బెల్టు మార్చాడు, మళ్ళీ కాగింది. నీళ్ళు తిప్పే పంపు విప్పి సరిచేశాడు, మళ్ళీ కాగింది. ఇంజను లోపలికి నీళ్ళు పోతున్నాయేమోనని ఆయిలు పుల్ల తీసి వేళ్ళ మధ్య రాసి చూశాడు, ఆయిలు శుభ్రంగా ఉంది. ఆయన నిద్రాహారాలు మానేసి మా కారు గురించే ఆలోచిస్తున్నాడని మా ఆయన చెబితే, పాపం అనుకుంటూ నేను ఆ వారం ఇంకో పిడికిలి ఎక్కువ వేశాను.

ఒకరోజు మామగారికి గురజాల కోర్టులో వాయిదా. భూమి తగాదా, ఏళ్ళ తరబడి నడుస్తున్నది. కారు దారిలో ఆగిపోయింది, మామగారు లారీ పట్టుకుని వెళ్ళేసరికి పిలుపు అయిపోయింది. మర్నాడు శుక్రవారం. పొద్దున్నే బాబాయిని మా ఇంటికే పిలిపించారు. ఆయన ఇంజను వేడిచేయించి, రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి పైనుంచి కిందికి, ఆ చివర నుంచి ఈ చివరకి, పసిబిడ్డకి జ్వరం చూసినట్టు తడిమాడు. పైన కాలిపోతోంది, మధ్యలో చల్లగా ఉంది. "నీళ్ళు ఇక్కడ పారట్లేదు, లోపల పూడింది" అని అప్పటికప్పుడు విప్పి, వాకిట్లో నాపరాళ్ళ మీద బోర్లించాడు.

పచ్చటి ముద్ద దబ్బున పడింది. ఉడికిన పసుపు వాసన వాకిలంతా కమ్మేసింది.

మామగారు చుట్ట పక్కన పెట్టి లేచారు.

"ఏంది సాయిబూ ఇది? సాగరు దారిలో నువ్వేసిన పసుపు గాదూ? నా బండంటే వంకాయ కూర అనుకున్నావా ఏంది?"

"చెంచాడే గదయ్యా ఏసింది, మాటేసిన రోజు అదీ కడిగేశా. ఇది చానా ఉంది, ఇది..."

సరిగ్గా అప్పుడే, ఆయన కడగడానికి అడిగిన వేడినీళ్ళు పట్టుకుని నేను గడప దాటాను. బిందె అంచు పట్టుకున్న నా రెండు చేతులూ మణికట్ల దాకా పసుపు. ఆయన నా చేతులు చూశాడు. తర్వాత నా మొహం చూశాడు. నాకు అప్పుడే తెలిసింది, అప్పటిదాకా నిజంగా తెలియదు. నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. కొత్త కోడల్ని, మామగారి ఎదుట నిలబడి మాట్లాడే రివాజు మా ఇంట్లో లేదు. ఇన్నాళ్ళూ ఆ రివాజు మీదే నెట్టేశాను గానీ, ఉన్నది భయమే.

ఆయన తల దించుకున్నాడు. "నాదే పొరపాటయ్యా. ఎక్కువ పడిందేమో."

తర్వాత పనిలోకి దిగాడు. చాకలిసోడా కలిపిన వేడినీళ్ళు పోసి నానబెట్టాడు, పాత గొడుగు ఊచతో ఒక్కో గొట్టాన్నీ పొడిచాడు, కరెంటు మోటారు గొట్టం తెచ్చి అడుగు నుంచి పైకి నీళ్ళు ఎదురు తోలాడు. పచ్చ నీళ్ళు పోయి, లేతవి పోయి, తేటనీళ్ళు వచ్చేదాకా వదల్లేదు. బిగించాక మా ఆయన మిట్టమధ్యాహ్నం పిడుగురాళ్ళ వెళ్ళొచ్చాడు, వేడి చూపే ముల్లు కదల్లేదు. కారు ఆ తర్వాత ఎన్నడూ కాగలేదు. మామగారు మాత్రం సాయిబే రోగం పెట్టి సాయిబే మందు వేశాడని నరసరావుపేటలో కనపడ్డవాళ్ళందరికీ చెప్పారు. పెద్ద రైతుల బళ్ళు ఒక్కొక్కటే వేరే షెడ్లకి పోయాయి.

మా పెద్దవాడు పుట్టాక ఇంట్లో నాకు కాస్త గొంతు వచ్చింది. ఒకరోజు వడ్డిస్తూ, ఏడుస్తూ, మామగారికి అంతా చెప్పేశాను. ఆయనకి పొలమారింది.

"ఓసి పిచ్చిమొగమా! కారుకి పులిహోర కలిపావంటే!"

నవ్వీ నవ్వీ కళ్ళనీళ్ళు తుడుచుకున్నారు. ఆ తర్వాత ప్రతి పెళ్ళి పందిట్లోనూ మా కోడలు కారుకి పులిహోర కలిపిందని అదొక ముచ్చటైపోయింది. ఆ ముచ్చట్లో బాబాయి ఎక్కడా ఉండేవాడు కాదు. ఆయన చేస్తే ద్రోహం, నేను చేస్తే ముచ్చట. పోయి ఆయనతో ఒక మాట అనండని నేను అడగలేదు, అనాలని వాళ్ళకీ తోచలేదు.

ఇంకో రెండేళ్ళకి, మళ్ళీ సాగరు వెళ్ళినప్పుడు, విజయపురి సౌత్‌లో, బస్టాండు పక్కన, ఆయన కనపడ్డాడు. చెట్టు కింద తొట్టి పెట్టుకుని సైకిలు ట్యూబుకి పంచరు వేస్తున్నాడు. మా ఆయన సోడాకని వెళ్ళాడు. నేను ఎదురుగా కూలబడి, ఆ పసుపు నాదే బాబాయ్ అన్నాను.

"నాకు ఆరోజే తెలుసు గదమ్మా. నీ చేతులు చూశా గదా. కొత్తగా వచ్చిన పిల్లవి, మీ మామ కోపం సంగతి నాకెరుకే." ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తూ అడిగాడు, "ఆయనకి చెప్పావా మరి?"

చెప్పానన్నాను.

"ఏమన్నాడు?"

అబద్ధం ఆడదామని చానా వెతుక్కున్నాను, దొరకలేదు. నవ్వాడని చెప్పాను.

"నవ్వాడా," అని ఆ ట్యూబు పైకి తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. మళ్ళీ నా వైపు చూడలేదు.

ఇప్పుడు మా పల్లెలో ఇంటింటికీ కార్లు. వాటిని బాగుచేసేవాడు ఎవడో మనకి తెలియదు, మనమెవరో అతనికి తెలియదు. బాబాయ్ అని పిలవక్కర్లేదు, నెత్తిన తప్పు వేయనూ అక్కర్లేదు. మేలే అంటారు, మేలేనేమో. తన అన్నం లాంటి పేరు తీసి పరాయింటి కోడలి మీద కప్పే మనుషులు ఇప్పుడు లేరే అని నా ఈడువాళ్ళు బెంగపడుతుంటే నేనూ తలూపుతాను గానీ, ఆ బెంగ పడే హక్కు నాకు లేదు. అలాంటివాణ్ణి చెట్టు కింద కూర్చోబెట్టినవాళ్ళలో నేనూ ఒకదాన్ని.

ఓపిగ్గా విన్నారు, మీ కడుపు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో ఎవరి చేతనైనా తప్పు జరిగితే, ఆ మనిషికి ఆ క్షణానే నోరు పెగలాలి. మీ గడప ముందు పనిచేసి వెళ్ళే ప్రతివాడూ తలెత్తుకుని వెళ్ళాలి.