విహారానికి పులిహోర

పోయిన ఆదివారం లండన్ అవతల స్లౌ ఊళ్ళోని మా ఫ్లాట్‌లో అమ్మ పులిహోరకు ఇంగువ పోపు పెడుతుంటే, స్మోక్ అలారం కూయకుండా నేను తువ్వాలు ఊపుతూ నిలబడ్డాను. ఆ ఘాటుకు నా చిన్నప్పటి బౌద్ధ విహారం కళ్ళ ముందు కదిలింది. విహారమంటే స్తూపాలూ గోపురాలూ కాదు, తూర్పు లండన్‌లో అప్పటి మా వీధి చివర, పక్కింటితో గోడ కలిసిన మామూలు ఇల్లు. ముందుగదిలో బుద్ధుడు, అగరొత్తుల పొగ, ఇద్దరు శ్రీలంక భిక్షువులు.

వాళ్ళు వండుకోరు, దాచుకోరు, డబ్బు ముట్టరు, ఆకలైనా అడగరు. ఎవరైనా తెచ్చి చేతికందిస్తేనే, అదీ మధ్యాహ్నం లోపే తింటారు. అందుకని వీధిలో రోజుకో ఇంటి వంతు ఉండేది, ఆదివారం మాది. నాన్న ఆసుపత్రి డ్యూటీలు ఎలా ఉన్నా, చలికాలపు మంచులో వేడి గిన్నెను శాలువాలో చుట్టి అమ్మా, అరటిపళ్ళ సంచితో నేనూ బయల్దేరేవాళ్ళం. మేం హిందువులమన్న సంగతి వాళ్ళకూ పట్టలేదు, మాకూ పట్టలేదు.

ఒక మార్చి ఆదివారం, ఏటా వేసవికని దేశమంతా జరిపినట్టే గడియారాలు గంట ముందుకు జరిగాయని మరిచిపోయాం. మేం వెళ్ళేసరికి అక్కడ పన్నెండు దాటింది. ఆ పూట వాళ్ళను పస్తు పెట్టానని అమ్మ నొచ్చుకుంది. పెద్ద స్వామి తోటలోకి వెళ్ళి, బట్టలారేసే గుంజ నీడ చూసొచ్చి, గిన్నెకు చేతులు చాచారు.

"గవర్నమెంటు గడియారాన్ని తిప్పింది, సూర్యుణ్ణి తిప్పలేదుగా" అని ఇంగ్లీషులో నవ్వారు.

ఆ తర్వాత సూర్యుణ్ణి తప్ప అన్నింటినీ తిప్పేశారు. ఇంట్లో ప్రార్థనలకు కౌన్సిల్ అనుమతి, వంటగదికి తనిఖీ, డబ్బు ముట్టని మనుషుల వీసాకు ఆదాయపు రుజువు. ఏ నిబంధనకు ఆ నిబంధన న్యాయమే, నాకు ఒళ్ళు మండేదీ అందుకే, తిట్టడానికి ఒక్కరూ దొరకరు. ఖర్చులు రాబట్టుకోవడానికి ముందుగదిలో కఫే వచ్చింది, మేడమీద టికెట్టు పెట్టి ధ్యానం క్లాసులు నడుపుతున్నారు.

పోయిన ఆదివారం మేం గిన్నె పట్టుకుని వెళ్తే, ఆ కఫే కౌంటర్‌లో ఉన్న అమ్మాయి పులిహోరలో కొందరికి పడని వేరుశనగ గుళ్ళున్నాయా అని మర్యాదగానే అడిగింది. ఇళ్ళల్లో వండినవి తీసుకోవడం మానేశామంది.

"కావాలంటే స్వామికి లంచ్ స్పాన్సర్ చేయొచ్చు ఆంటీ" అంటూ కార్డు మెషీన్ ముందుకు జరిపింది.

అద్దం తలుపు వెనక, ఒకప్పటి చిన్న స్వామి, ఇప్పుడు ముసలాయన, అమ్మను గుర్తుపట్టి లేచారు. ఆ అమ్మాయి వైపు చూసి మళ్ళీ కూర్చున్నారు. నేను గొడవ పడబోతే అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది.

కారెక్కి అమ్మ సీటు బెల్టు పెట్టుకుంది. గిన్నె ఒళ్ళోనే ఉంది.

"ఆయన అడక్కూడదు, నేను పెట్టకూడదంట. మరింక ఆయనకి నేనేమవుతానే?" అంది.