లైను బాగానే ఉంది

ఆదివారం. కార్తీక మాసం. పగలంతా మబ్బు, సాయంత్రం సన్నటి తుంపర.
హాజరు: నేను, నా భార్య, మా అమ్మాయి, నా బావమరిది.

డైరీలో మొదట హాజరు రాసే అలవాటు నాకు టెలిఫోన్ల ఉద్యోగంలో వచ్చింది. చిత్తూరు చుట్టుపక్కల లైన్లు చూసే పని నాది. ఏ స్తంభం దగ్గరికి ఎవరెవరం వెళ్ళామో మొదట రాసుకుని, ఏం చేశామో తరువాత రాసేవాళ్ళం. రిటైరైన తరువాత కూడా ఆ వరస మారలేదు. అయితే ఆ ఆదివారం పేజీలో హాజరు తప్ప మరేమీ లేదు. ఆ రోజు కింద ఇంకేమీ రాయలేకపోయాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మా అమ్మాయి సూళ్లూరుపేట దగ్గర ఒక ఫ్యాక్టరీలో పనిచేసేది. గోటి కంటే చిన్న భాగాలను సన్నటి పట్టకారుతో పట్టుకుని, భూతద్దం కింద పెట్టి పరీక్షించే పని. హాస్టలు మెట్లెక్కుతూ ఒకసారి పడింది. కొన్నాళ్ళకు మళ్ళీ పడింది. తిరుపతిలో పెద్ద డాక్టరు చూసి, కండరాలు బలహీనపడే జబ్బన్నాడు. కాళ్ళతో మొదలైందన్నాడు. చేతులదాకా రావచ్చు, చాలా ఏళ్ళు రాకపోవచ్చు కూడా అన్నాడు. నేను ఆ రెండో మాటను పట్టుకుని బస్సెక్కాను.

ఉద్యోగం మానేసి ఇంటికొచ్చింది. స్నానాల గదికి దగ్గరగా ఉంటుందని వెనక గదిలో మంచం వేశాం. చక్రాల కుర్చీ తిరగడానికి బీరువాను హాల్లోకి జరిపాం. అక్కడే, ఫోనులో ఆడే ఒక ఆటలో, ఆమెకు జట్టు దొరికింది. ఆమెతో కలిపి అయిదుగురు. ఒకరిది మదనపల్లె, ఒకరిది నగరి, మిగతా ఇద్దరూ తమిళనాడు వైపువాళ్ళు. ఎవరూ ఎవరినీ చూడలేదు, మాటలు మాత్రం వింటారు. ఆ ఆటలో పరిగెత్తాలి, గోడలు దూకాలి, ఎదురొచ్చినవాణ్ణి కాల్చాలి. ఆటలో అందరికంటే ముందు పరిగెత్తేది మా అమ్మాయే. ఆమె నడవలేదన్న సంగతి వాళ్ళకు తెలియదు. నాకు ఆట అర్థమయ్యేది కాదు గాని, ఆ గదిలోంచి నవ్వు వినిపిస్తే నేను చదువుతున్న పేపరు దించి వినేవాణ్ణి.

దసరా దాటాక ఆ నవ్వు తగ్గింది. ఫోనులోంచి జట్టువాళ్ళ గొంతులు నాకూ వినబడేవి.

“అక్కా, మీ నెట్టు ఎద్దులబండి మీద వస్తా ఉండాదా ఏంది? వాడు కాల్చి, కాఫీ తాగినాక నీ గుండు పోతా ఉండాది!”

“మా వీధిలో కేబులు ఎలకలు కొరికినాయబ్బా,” అనేది.

“ఆ ఎలకల్ని మన జట్టులో సేర్చుకుందాం. నీకంటే స్పీడుగా ఉండాయి.”

మొదట్లో ఇలాంటివాటికి ఆమె కూడా నవ్వేది. తరువాత మాటలు మారాయి. కార్తీకంలో ఒక ఆదివారం పోటీ ఉంది, ఆ రోజు కూడా ఇలాగే ఉంటే ఆమె చోట్లో వేరొకరిని పెట్టుకుంటామన్నారు.

మర్నాడు నన్ను పిలిచి, “నాయనా, నెట్టు సతాయిస్తా ఉండాది. బాగు సేస్తావా? వాళ్ళు నన్ను తీసేస్తారు,” అంది.

ఆమె జబ్బుకు నేను చేయగలిగింది ఏమీ లేదు. ఇది మాత్రం లైను కంప్లైంటు. లైను కంప్లైంటు అయితే నేను చేయగలను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాయన ఒకరు నాకు పని నేర్పించాడు. కంప్లైంటు ఇచ్చినవాళ్ళ ముఖం చూడొద్దు, లైను చూడు అనేవాడు. లైనును ముక్కలు ముక్కలుగా పరీక్షించాలి. ఈ ముక్క బాగుంది, పక్కన పెట్టు. ఆ ముక్క బాగుంది, పక్కన పెట్టు. చివరికి మిగిలినదాంట్లో లోపం ఉంటుంది. నా సర్వీసంతా ఆ పద్ధతితోనే గడిచింది.

మా ఇంట్లో ఉన్న రౌటరు కనెక్షను ఇచ్చినవాళ్ళు ఉచితంగా పెట్టిపోయినది. హాల్లో ఉండేది. అక్కడికీ వెనక గదికీ మధ్య పాతకాలపు రాతిగోడ. దోషం గోడదే అనుకున్నాను. వారం రోజులు రౌటర్ల గురించి చదివాను. వాటిలో రెండు రకాల తరంగాలుంటాయి. ఒకటి గోడలు దాటి దూరం పోతుంది గాని వేగం తక్కువ, పైగా చుట్టుపక్కల ఇళ్ళవన్నీ దానిమీదే కిక్కిరిసి ఉంటాయి. రెండోది వేగంగా పోతుంది గాని గోడ అడ్డం వస్తే నీరసపడిపోతుంది. ఆటకు కావలసింది మనం అనుకునే వేగం కాదు. నొక్కిన నొక్కు అవతలికి వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం తక్కువగా ఉండాలి, అది మాటిమాటికీ మారకుండా నిలకడగా ఉండాలి. ఇంట్లో ఎవరు సినిమా చూస్తున్నా ఆటకు ముందు దారి ఇచ్చే ఏర్పాటు ఉండాలి. ఇక భద్రత. బయటివాళ్ళు మన నెట్టులోకి చొరబడకుండా వేసే తాళం కొత్త రకంది కావాలి, తయారుచేసినవాళ్ళు లోపలి ప్రోగ్రాములను ఎప్పటికప్పుడు సరిచేసి పంపుతుండాలి. ఇదంతా డైరీలో రాసుకుని తిరుపతికి బయల్దేరాను. బావమరిది తోడొచ్చాడు.

కొట్టులో అమ్మే అబ్బాయి అన్నిటికంటే పెద్దది తీసి చూపించాడు. నల్లగా ఉంది, చుట్టూ కొమ్ములు, ఎర్ర దీపాలు.

“బావా, ఇది రౌటరా, మండ్రగబ్బా?” అన్నాడు బావమరిది.

“గేమింగుకు ఇదే సార్ టాపు,” అన్నాడా అబ్బాయి.

“రాతిగోడ దాటుతుందా?” అని అడిగాను.

“బాగా పోతుంది సార్.”

“బాగా అంటే?”

ఆ అబ్బాయి బావమరిది వంక చూశాడు.

“నా వంక సూడొద్దప్పా. మా బావ కూరగాయలంగడిలో వంకాయక్కూడా పుట్టుపూర్వోత్తరాలు అడుగుతాడు. నువ్వు కుర్చీ ఏసుకో, ఇంగా శానా సేపు పడతాది.”

కొమ్ములది తీసుకోలేదు. ఎంత పెద్ద రౌటరైనా రాతిగోడ రాతిగోడే. నేను అనుకున్న లక్షణాలున్న ఒక మామూలు రౌటరూ, దానికి జతగా వెనక గదిలో పెట్టడానికి చిన్నదొకటీ తీసుకున్నాను. రెండింటినీ గాలిలో కాకుండా వైరుతో కలపాలని నిర్ణయించాను. తిరుగు బస్సులో డబ్బా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. కాణిపాకం నుంచి వస్తున్న కుటుంబమొకటి పూతలపట్టు దగ్గర బస్సెక్కి, స్వీట్లు అనుకుని మావైపే చూస్తూ కూర్చుంది.

వైరు నేనే లాగాను. కప్పు అంచున, జానెడుకొక క్లిప్పు కొట్టి, గుమ్మం పైనుంచి వెనక గదిలోకి దించాను. ఆమె మంచంమీద నుంచి చూస్తూ ఉంది.

“నాయనా, నువ్వు నిచ్చెనెక్కి శానా రోజులాయ.”

“నిచ్చెన మర్చిపోతే నేను లైనుమనిషినే కాదు పాపా.”

“నాకు ఈ మంచం నుంచి నీ కాళ్ళు మాత్రం కనిపిస్తా ఉండాయి. బాగుండాయి,” అంది.

తరువాత పాస్‌వర్డు పెట్టాం. పెద్దక్షరాలు, చిన్నక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపి పొడుగాటిది నేనే తయారుచేశాను. నెట్టుకు కంపెనీ ఇచ్చిన పేరునూ మార్చాను. ఇంటికి వచ్చినవాళ్ళ ఫోన్లకు వేరే దారి పెట్టాను. ఆమె తన ఫోనులో ఆ పాస్‌వర్డు కొట్టడం మొదలుపెట్టింది. తప్పని చూపించింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పు.

“మామా, నువ్వు కొట్టు. నాకు సరిగ్గా కనపడ్లే,” అని ఫోను బావమరిది చేతికిచ్చింది.

పాస్‌వర్డు అంత గట్టిగా కుదిరిందని అప్పుడు నేను లోలోపల సంతోషించాను.

ఆదివారం సాయంత్రం పోటీ. బావమరిది మిరపకాయ బజ్జీలు తెచ్చాడు. నా భార్య పక్కింటివాళ్ళను టీవీ శబ్దం తగ్గించమని చెప్పి వచ్చింది. దిండుమీద ఫోను నిలబెట్టి, మోచేతుల కింద చిన్న దిండ్లు పెట్టుకుని మా అమ్మాయి ఆట మొదలుపెట్టింది. కొత్త రౌటరుమీద పచ్చదీపాలు కదలకుండా వెలుగుతున్నాయి.

కాసేపటికే ఫోనులోంచి అరుపులు. “అక్కా, కుడి పక్క! కుడి పక్క! కాల్చు! కాల్చక్కా!” ఆమె కాల్చేలోపే ఎదుటివాడు కాల్చేశాడు.

“మళ్ళా నెట్టేనా అక్కా?” అంది నగరి గొంతు. అందులో ఎగతాళి లేదు.

“ఒక్క నిమిషం. సూసి సెప్తా,” అని మాటలు వినబడకుండా నొక్కి, నావైపు చూసింది.

నేను పరీక్ష మొదలుపెట్టాను. వీధిలోంచి వచ్చిన తీగ ఆగే పెట్టె దగ్గర ల్యాప్‌టాప్ పెట్టి చూశాను. బాగుంది. హాల్లో రౌటరు దగ్గర బాగుంది. నేను లాగిన వైరు చివర బాగుంది. ఆమె మంచం దగ్గర గాలిలో కూడా అంతే బాగుంది. ఇక మిగిలింది ఫోను. పరికరం మార్చి చూడడం మా పద్ధతి. బావమరిది ఫోనులోకి ఆ ఆట ఎక్కించి ఆమెకు ఇచ్చాను. ఆమె ఫోను బావమరిదికి ఇచ్చాను. పోటీ లేకుండా ఊరికే గురి చూసి కాల్చుకునే చోటు ఆ ఆటలో ఒకటుంది. ఇద్దరినీ అక్కడ కాల్చమన్నాను.

“ఏమీ లేదు బావా! టక్కుమంటే టక్కుమని పేల్తా ఉండాది. నేనే గెలిచేట్టుండానే!” అని బావమరిది వరసగా కాల్చాడు. తరువాత పక్కకు చూసి ఆపేశాడు. అతని వేలు ఫోనుమీద అలాగే ఉండిపోయింది.

ఎదురుగా బొమ్మ కదులుతోంది. మా అమ్మాయి దాన్ని చూసింది. కళ్ళు వెంటనే చూశాయి. బొటనవేలు లేచింది. లేచి, అద్దంమీద తన చోటు మర్చిపోయినట్టు కొంచెంసేపు గాలిలో ఆగింది. తరువాత దిగింది. దిగగానే తుపాకీ పేలింది. వేలు దిగిన తరువాత ఆలస్యమన్నది లేదు.

నేను ఆమె ముఖం చూశాను.

గుమ్మంలో నా భార్య నిలబడి ఉంది. చేతిలో పాల గ్లాసు. అది గ్లాసు కాదని, రెండు పక్కలా పిడులున్న వెడల్పాటి కప్పని అప్పుడు గమనించాను. కొన్నాళ్ళుగా నా భార్య పాపకు అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే గారాబం అనుకున్నాను.

“ఇంగ సాలు నాయనా,” అంది మా అమ్మాయి. “లైను బాగానే ఉండాది.”

“ఎప్పట్నించి పాపా?”

“దసరా ముందు నించే. నెట్టయితే బాగుండు అనుకుంటిని. నువ్వు అంత నమ్మకంగా వైరు లాగతా ఉంటే నాగ్గూడా నమ్మబుద్ధయింది.”

బావమరిది వాకిట్లోకి వెళ్ళిపోయాడు. బజ్జీలు పొట్లంలోనే ఉన్నాయి.

ఆమె తన ఫోను తీసుకుని మళ్ళీ జట్టువాళ్ళతో మాట్లాడింది. గొంతు ఎప్పటిలాగే ఉంది. “నా చోట్లో ఎవుర్నన్నా పెట్టుకోండబ్బా. మా నెట్టు బాగయ్యేట్టు లేదు.”

“కొత్త రౌటరు తెచ్చినారంటివే అక్కా?”

“తెచ్చినాం. మా నాయన తిరుపతికి పోయి మంచిదే తెచ్చినాడు. మా యింటి గోడలు మందం. ఏం సేసేది?”

ఎవరైనా నా లైనులో లోపం ఉందంటే ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రుజువు చూపించందే ఒప్పుకోలేదు నేను. జతగా తెచ్చిన చిన్న రౌటరు ఆమె తలవైపే ఉంది, దీపాలన్నీ వెలుగుతూ. నేను పక్కన కూర్చుని, అవునన్నట్టు తల ఊపాను. ఫోనులోవాళ్ళకు నేను కనబడనన్న సంగతి కూడా తోచలేదు.

మర్నాడు పొద్దున వాన వెలిసింది. నా భార్య ఆమె జుట్టు దువ్వుతుండగా నేను కాఫీ తీసుకెళ్ళాను.

“నాయనా, ఆ పాస్‌వర్డు మార్చు. ఫోను ఎప్పుడన్నా మళ్ళా అడిగితే నేను కొట్టలేను. ప్రతిసారీ మామను పిలవాలా?”

“ఎలాంటిది పెట్టమంటావు?”

“ఒకే అంకె. బొటనవేలు యాడ ఆనతాదో ఆడుండేది.”

“ఎనిమిదికి తగ్గితే ఒప్పుకోదు పాపా. ఒకే అంకె ఎనిమిదిసార్లంటే ఎవరైనా కనుక్కుంటారు.”

“కనుక్కోనీలే. మన నెట్టు దొంగతనం సేసి ఎవురు బాగుపడతారు? ఎద్దులబండి గదా అది.”

నా భార్య దువ్వెన ఆపి కిటికీవైపు తిరిగింది.

ఆమె వేలు సులువుగా ఆనే అంకె ఏదో చూసుకుని పాస్‌వర్డు మార్చాను. బలం లేని పాస్‌వర్డని ఎర్రక్షరాలతో హెచ్చరించింది. సరేనని నొక్కాను. దీపాలు ఆరి, ఒకటొకటిగా మళ్ళీ వెలిగాయి. ఆమె ఫోను కొత్త పాస్‌వర్డు అడిగింది. నేను చేయి చాచబోయి ఆగాను. ఆమె కొట్టడం మొదలుపెట్టింది. ఒక్కొక్క అంకెకూ వేలు లేచి, ఆగి, దిగింది. కాఫీమీద మీగడ కట్టింది. ఎనిమిదీ అయ్యాక ఫోను ఒప్పుకుంది.

ఒప్పుకోగానే, అంతవరకు ఆగిన మెసేజీ ఒకటి వచ్చింది. నగరి గొంతు. “అక్కా, నీ చోట్లో ఒకణ్ణి పెట్టుకున్నాం. ఏమీ అనుకోవద్దు. నీ పేరు తీసేయలేదు, అట్నే ఉండాది. నెట్టు బాగైనాక సెప్పు.”

ఆమె దాన్ని ఇంకోసారి విని, ఫోను దిండుమీద బోర్లా పెట్టింది. రెండు చేతులతో కప్పు పట్టుకోబోయింది. నేను కింద నుంచి ఆనించి పట్టుకున్నాను.